రికార్డింగ్‌ల పిలిస్తే రావద్దు

మెదక్ నుంచి నర్సాపూర్ పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందంటే నాకు పది నిమిషాల్లో కునుకు పడుతుంది. పోయిన నెల కూడా అట్లాగే తల వాల్చాను. అడవి మొదలైనట్టుంది, గాలి చల్లబడింది. సరిగ్గా అప్పుడే నా చెవి వెనక ఒక మగగొంతు, ఏ తొందరా లేకుండా, "అక్కా, భయపడకు. గుంట చిన్నదే. జర ఎనుకకు జరుగు, ఇగ దుంకు" అంది.

ఆ గొంతు గల మనిషి పోయి ఆరేళ్ళు దాటింది. అతని దినాలకు నేను పోయి అన్నం కూడా తిని వచ్చాను.

వెనక్కి తిరిగి చూస్తే స్కూలు బట్టల్లో ఒక ఆడపిల్ల, తల్లి ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. తెరమీద ఒక చిన్న బొమ్మమనిషి గుంట అంచున నిలబడి ఉన్నాడు. నా నిద్ర చెడిందని తల్లి పిల్లను కసురుతుంటే, పరవాలేదు, పెట్టుకోనియ్యుండ్రి అన్నాను. ఆ చెప్పేదెవరు బిడ్డా అని అడిగాను. పేరు తెలియదంది. మిగతావాళ్ళు చెప్తే తనకు ఏమీ అర్థం కాదట, ఈయన చెప్తేనే ఆట వస్తుందట.

చచ్చినవాళ్ళు కలలోకి వస్తారని అందరూ అంటారు. నాకు కలల బాధ లేదు. ఇతను జనం ఫోన్లలోంచి వస్తాడు. షాపులో, బస్టాండులో, ఒకసారైతే చర్చిలో ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి వచ్చాడు. ఎక్కడ వచ్చినా అక్కా అనే పిలుస్తాడు.

నర్సాపూర్‌లో మా ఆడబిడ్డ ఇంటికి పోవలసినదాన్ని. బస్టాండులో దిగి, పోవలసిన దారి వదిలేసి, కదలడానికి సిద్ధంగా ఉన్న మెదక్ బస్సే మళ్ళీ ఎక్కాను. ఎందుకెక్కానో తెలియాలంటే అతనెవరో తెలియాలి. పేరు మాత్రం రాయను. నలుగురిలో తన పేరు వినపడితేనే చెవులు ఎర్రబడే మనిషి.

నాది జిరాక్స్ షాపు. మెదక్ చౌరస్తాకు దగ్గర్లో వరుసగా నాలుగు మడిగెలుంటే మూడోది నాది, నాలుగోది అతని నెట్ సెంటర్. నడుమ ఉన్నది ఇటుక గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. అతను అటు సోంపు నమిలితే ఇటు నాకు వాసన వచ్చేది. సన్నటి మనిషి. నడి ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. ఎవరైనా వచ్చి సిస్టం ఖాళీ ఉందా అంటే నోటితో చెప్పడు, వేలితో చూపిస్తాడు. ఎంతసేపు కూర్చోవచ్చంటే గోడ గడియారం చూపిస్తాడు. వీని నోట్లోంచి మాట రావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలని అందరికీ చెప్పి నవ్వించేదాన్ని నేనే.

అట్లాంటివాడికి ఆటలు నేర్పే వీడియోలు చెయ్యాలని బుద్ధి పుట్టింది. కంప్యూటర్లో ఆట ఆడుతూ, అది రికార్డు చేసి, పైనుంచి మాట చెప్పి నెట్‌లో పెట్టడం అప్పుడప్పుడే మొదలైంది. పెట్టేవాళ్ళంతా ఇంగ్లీషులో పెట్టేవాళ్ళు, అందరూ ఆరితేరినవాళ్ళే. చూడ్డానికి సంబరమే గానీ, చూసినవాళ్ళకు వచ్చేది మాత్రం సున్నా. ఇతని సెంటర్‌కు మొదటిసారి వచ్చినవాళ్ళు మొదటి గుంటలోనే పడి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ దిక్కులు చూసి, మళ్ళీ రాకుండా పోయేవాళ్ళు. ఆ దిక్కులు చూడటం అతని మనసుకు పట్టుకుంది. దాని గురించి నాతో మాట్లాడిన రోజే నేను మొదటిసారి అతని నోట వరుసగా నాలుగు మాటలు విన్నాను.

"నాకు ఆట రాదక్కా. గందుకే నేను చెప్పాలె. వచ్చినోడు చెప్తే రానోనికి సమఝ్ కాదు."

ఆట రాదన్నది అణకువతో అన్న మాట కాదు, నిజమే. రెండు వేళ్ళతో ఆడేవాడు. ఏ ఆటలోనూ మూడో లెవెల్ దాటిన పాపాన పోలేదు. బొమ్మమనిషి దూకవలసి వస్తే తను కూడా కుర్చీలోంచి ఒక బెత్తెడు లేచేవాడు. అతని వీడియోలన్నిటిలో దూకినప్పుడల్లా కిర్రుమని ఒక చప్పుడుంటుంది, విన్నవాళ్ళు అది ఆటలోదే అనుకుంటారు. అది ఆ కుర్చీ చప్పుడు.

అవి తెలంగాణ కోసం ఊరంతా రోడ్డు మీదున్న రోజులు. వారం తిరిగేసరికి ఏదో ఒక బంద్. బంద్ అంటే మిగతా దుకాణాలకు ఏడుపు, ఇతనికి మాత్రం పండుగ. గిరాకీ ఉండదు, బండ్ల రొద ఉండదు. షట్టర్ ముప్పావు వంతు దించి, ఫ్యాను ఆపి, హెడ్‌ఫోన్ మైకుకు పాత సాక్సు తొడిగి, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని కూర్చునేవాడు. ఊరికే దొరికిన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అది, పది నిమిషాలకు దానంతట అదే ఆగిపోయేది. అందుకని అతని పాఠాలన్నీ పది నిమిషాలే. మధ్యలో ఊరేగింపు పోతే జై తెలంగాణ నినాదాలు ఆ సాక్సులోంచి కూడా దూరిపోయేవి. అవి తీసెయ్యరాదా తమ్మీ అంటే, బయట నడుస్తున్నదాన్ని నేనెట్ల తీస్త అక్కా, అనేవాడు.

మొదట్లో అతను మాట్లాడింది వింటే మీరు కూడా నవ్వుతారు. "నమస్కారం మిత్రులారా, ఈరోజు మనం..." అని సినిమా తెలుగులో మొదలుపెట్టి, ఆ మనం దగ్గర గొంతు పట్టేసేది. మళ్ళీ నమస్కారం. మళ్ళీ మిత్రులారా. చెక్క ఇవతల నేను లామినేషన్ చేస్తూ లెక్కపెడితే ఒకరోజు పందొమ్మిది నమస్కారాలు అయ్యాయి. ఇక పట్టలేక పోయి, ఎవరికి చెప్తున్నవ్ తమ్మీ, అసెంబ్లీకా, అన్నాను. ఎవరికి చెప్తున్నాడో తెలియకే మాట రావడం లేదన్నాడు. ఎదురుగా మనిషి లేకుండా ఎట్లా చెప్తారక్కా, అన్నాడు. సరే, నేను కూర్చుంటా చెప్పు, అని పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

నాకు మౌసు పట్టుకోవడం తప్ప ఏమీ రాదు. మొదటి గుంటలో పదకొండుసార్లు పడ్డాను. పడ్డప్పుడల్లా ఆ బొమ్మమనిషిని, కంప్యూటర్ని, దాన్ని కనిపెట్టినవాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను నవ్వలేదు. "మంచిగైంది. గుంట ఏడుందో ఎరుకైంది కదా. సచ్చుడు తప్పుకాదక్కా, సచ్చినకాడ గుర్తు పెట్టుకోవాలె," అన్నాడు. పన్నెండోసారి దాటాను. ఏం చెప్పను, నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత సంతోషం కాలేదు. లేచి చప్పట్లు కొట్టాను.

అదంతా రికార్డు అయిందని తర్వాత తెలిసింది. అడగకుండానే నెట్‌లో పెట్టేశాడు. వారంలో మా ఆడబిడ్డ నర్సాపూర్ నుంచి ఫోను చేసి, వదినా నీ తిట్లు మా గల్లీ పిల్లలందరికీ వచ్చినయి, అంది. ఆరోజు నేను చేసిన గొడవ చౌరస్తాకు వినపడి ఉంటుంది. ఇక నీ పక్కన కూర్చుంటే నా చెప్పుతో నన్నే కొట్టు, అని వచ్చేశాను. మళ్ళీ కూర్చోలేదు.

కానీ అతనికి దారి దొరికింది. ఖాళీ స్టూలును అక్కడే ఉంచి, దానికి చెప్పడం మొదలుపెట్టాడు. "అక్కా, గిప్పుడు ఎడమ దిక్కు చూడు. అక్కా, గాబరా గాకు. అక్కా, నేను ముందుగాల సస్త, నువ్వు చూడు. యాడ సచ్చిన్నో చూసినవా?" మాట నీళ్ళలా వచ్చేది. మనుషుల ముందు వేలు చూపించేవాడు, స్టూలు ముందు వాన కురిసినట్టు మాట్లాడేవాడు. చూసేవాళ్ళు కింద రాసేవాళ్ళట, ఎవరన్నా ఈ అక్క అని. మరికొందరు ఇదేం భాషరా బాబూ అని వెక్కిరించేవాళ్ళు. అతను ఏదీ తీసెయ్యలేదు. ఒకరోజు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చి, గుంటూరు దిక్కు పిల్లవాడొకడు రాసింది మూడుసార్లు చదివి వినిపించాడు. మీ వెనక నినాదాలు కూడా నాకు అలవాటైపోయాయన్నా, మీ వల్లే గుంట దాటాను, అని. "దాటిండట అక్కా," అని అతను తన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఇంత బాగా చెప్తున్నావు, ముందుకెందుకు పోవు, పైలెవెల్ కూడా నేర్చుకుని పెట్టొచ్చు కదా, అని ఒకసారి అడిగాను. ముందుకు పోయినవాళ్ళకు చెప్పేటోళ్ళు మస్తుమంది ఉన్నారట. మొదటి గుంటకాడ నిలబడ్డవాళ్ళకు ఎవరూ లేరట. అంతే అన్నాడు. ఇంకొకరు అని ఉంటే డాంబికం అనుకునేదాన్ని.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్తాను.

ఆ రోజుల్లో పేపరు తెరవాలంటే భయం. రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్న పిల్లల ఫోటోలు, వాళ్ళు రాసిపెట్టిన ఉత్తరాలు. ఒక బంద్ రోజు పొద్దున్నే అట్లాంటి వార్త చదివి మనసు పాడైపోయి కూర్చున్నాను. పక్క షట్టరు పూర్తిగా దించి ఉంది, అతను రాలేదనుకున్నాను. వెనక తలుపు నుంచి వచ్చాడని నాకేం తెలుసు. జలుబు చేసి గొంతు బొంగురుపోయి ఉంది. చెక్క అవతల నుంచి ఆ బొంగురు గొంతు, "అక్కా, ఇగ నేను సస్తున్న. నువ్వు ఏడువొద్దు, మంచిగ చూడు" అంది.

నాకు ఆట గుర్తురాలేదు. పేపర్లోని ఫోటో గుర్తొచ్చింది. రోడ్డు మీదికి ఉరికి, పిల్లగాడు సస్తున్నడు రాండ్రి, అని గుండెలు బాదుకుంటూ అరిచాను. చౌరస్తాలో టెంటు వేసి నిరసనగా రోడ్డు మీదే వంట చేస్తున్నవాళ్ళు గరిటెలతో సహా వచ్చారు. షట్టరు తాళం పగలగొట్టి ఎత్తారు. చూస్తే ఏముంది, మెడ మీద తడి తువ్వాలుతో, చెవులకు హెడ్‌ఫోన్లతో, నోరు తెరుచుకుని మా అందరినీ చూస్తున్నాడు. తెరమీద బొమ్మమనిషి గుంటలో పడి ఉన్నాడు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత నవ్వు మొదలైంది. అసలు భయపడి వచ్చినవాళ్ళు కదా, ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ నవ్వు ఒక్కరోజుతో పోలేదు. టీ తాగను పోతే, ఏమన్నా ఇయ్యాల సచ్చినవా, రేపా, అని అడిగేవాళ్ళు. కూరగాయలామె కూడా అడిగింది. అతను నాలుగు రోజులకు నా కౌంటర్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతులు జోడించాడు కూడా.

"అక్కా, ఒక్కటే మాట. రికార్డింగ్‌ల నేను పిలుస్తుంట, సస్తున్న అంటుంట. నువ్వు రావద్దు. ఎన్నిసార్లు పిలిచినా రావద్దు. గది నిన్ను గాదు."

అతని తప్పేమీ లేదు. మర్యాదగానే చెప్పాడు. కానీ "గది నిన్ను గాదు" అన్న మాట నాకు చురుక్కుమని తగిలింది. స్టూలు మీద మొదట కూర్చున్నది నేను. పదకొండుసార్లు చచ్చింది నేను. నలుగురిలో నగుబాటైంది కూడా నేనే. అందరూ నన్ను చూసి కూడా నవ్వుతున్నారని ఇతనికి కనపడదా. మరెవ్వరిని పిలుస్తున్నవ్, అన్నాను. "ఆట ఎరుకలేనోళ్ళందరిని," అన్నాడు. ఇక నా నోరు ఊరుకుంటుందా.

"సరే ఫో. కాళ్ళు మొక్కి పిలిచినా రాను," అన్నాను.

నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. వచ్చేటప్పుడు నిప్పులా వస్తుంది, పోయేటప్పుడు మాత్రం ముడుపు కట్టినా పోదు. నెల రోజులు మాట్లాడుకోలేదు. అంటే నేను మాట్లాడలేదు. పొద్దున షట్టరు ఎత్తుతూ అతను అక్కా అని పలకరించేవాడు, నేను మిషను తుడుచుకునేదాన్ని. అతని భార్య మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చినప్పుడు నా దగ్గర కాసేపు కూర్చునేది. అతను నన్ను అక్కా అంటాడు గనక ఆమె నన్ను వదినా అనేది. మా ఇద్దరి మధ్య ఏం నడుస్తోందని ఆమె ఒకటి రెండుసార్లు అడిగింది. ఏం లేదన్నాను.

ఆ రోజు కూడా బందే. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. నేను షట్టర్ సగం దించుకుని లోపల సర్టిఫికెట్లు లామినేషన్ చేస్తున్నాను. చెక్క అవతల పాఠం నడుస్తోంది. కుర్చీ కిర్రుమంది రెండుమూడుసార్లు. తర్వాత కాసేపు ఏమీ లేదు. తర్వాత అతను పిలిచాడు.

"అక్కా."

మళ్ళీ కొంచెం ఆగి, "అక్కా, జర ఇటు రా."

"పిలువు, పిలువు. నాకేం పనిలేదనుకున్నవా," అని చెక్కకు వినపడేటట్టే అన్నాను.

ఆ గొంతులో తేడా ఉందా అని ఈ ఆరేళ్ళలో నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఉంది. రికార్డింగులో పిలిచినప్పుడు అక్కా అన్న మాట చివర కొంచెం పైకి లేచేది, పసిపిల్లను పిలిచినట్టు. ఆ రోజు చివర కిందికి దిగిపోయింది. అది నా చెవికి తెలిసింది. తెలిసి కూడా కాళ్ళు మొక్కినా రానన్నాను కదా అని కూర్చున్నాను. నా బతుకులో అంత గట్టిగా నిలబెట్టుకున్న మాట ఇంకోటి లేదు. పాడు నోరు, పాడు పంతం.

ఇంకో రెండు సర్టిఫికెట్లు అయ్యాక మళ్ళీ వినపడింది. ఈసారి అక్కా అని కాదు. అతని భార్య పేరు. ఒక్కసారే. ఓహో, రికార్డింగ్ అయిపోయి ఇంటికి ఫోను చేసుకుంటున్నాడు, అనుకున్నాను. మిషను ఆపి, షట్టరు దించి, నేను అన్నానికి ఇంటికి పోయాను.

డబ్బా పట్టుకుని వచ్చి చూసింది ఆమే. ఆ కేక మా వీధి చివరకు వినపడింది, నేను చెయ్యి కడుక్కోకుండానే ఉరికాను. బంద్ కదా, ఆటోలు లేవు. అంతకుముందు నెల షట్టరు పగలగొట్టినవాళ్ళే చేతుల మీద ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తారు. ఈసారి వాళ్ళలో ఒక్కడూ నోరు విప్పలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. గంట పైనే అయిందన్నాడు.

దవాఖాన వరండాలో ఆమె నా రెండు చేతులు పట్టుకుంది. ఏడుపు ఇంకా మొదలు కాలేదు. "వదినా, నువ్వు పక్కపొంటే ఉంటివి. ఆఖరికి ఏమన్న అన్నడా? ఎవరినన్న పిలిచిండా?" అని అడిగింది.

"లే," అన్నాను. అంతటితో ఆగలేదు. మిషను చప్పుడులో నాకేమీ వినపడలేదని కూడా అన్నాను. అడగని అబద్ధం అది, నా అంతట నేనే కలిపాను.

ఆ తర్వాత తెలంగాణ వచ్చింది. చౌరస్తాలో మిఠాయిలు పంచారు, నేను కూడా నోట్లో వేసుకున్నాను. అతని మడిగెలో మొబైల్ రిపేరువాళ్ళు దిగారు, ప్లైవుడ్ చెక్క అట్లాగే ఉంది. ఆమె మెదక్ వదిలి హవేలిఘనపూర్‌లో ఇల్లు తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. పండుగలకు నాకు ఫోను చేసేది. ఫోను మోగితే నాకు చెమటలు పట్టేవి. జిరాక్స్‌కు వచ్చిన పిల్లలు వరుసలో నిలబడి ఫోనులో అతని వీడియో పెడితే, బయటికి పోయి చూసుకోండని విసుక్కునేదాన్ని. పాపం వాళ్ళకేం తెలుసు. దేవుడికి మాత్రం చెప్పుకున్నాను, మోకాళ్ళ మీద చాలాసార్లు చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులువు, ఎదురుగా కూర్చుని మన మొహం చూడడు కదా.

నా తప్పు ఒక్కటే అయితే ఏదో విధంగా మోసేదాన్ని. అతను పిలిచిన ఆ మూడో పిలుపు నాది కాదు. అది ఆమెకు చెందవలసిన మాట. నా పరువు కాపాడుకోవడానికి నేను దాన్ని కూడా నా దగ్గరే తొక్కిపెట్టాను. బస్సులో ఆ పిల్ల ఫోనులోంచి అతను అక్కా అన్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఊరూపేరూ తెలియని పిల్ల దగ్గర అతని మాటలు గంటలకొద్దీ ఉన్నాయి. ఆమెకు రావలసిన ఒక్క మాట మాత్రం నా కడుపులో ఉంది.

మెదక్‌లో దిగి, ఇంటికి పోకుండా, ఆటో ఎక్కి హవేలిఘనపూర్ పోయాను. ఆమె వరండాలో మిషను దగ్గర రవికె కుడుతోంది. నన్ను చూసి లేవబోయింది. నీళ్ళు తెస్తానంది. వద్దన్నాను. కూర్చుంటే మళ్ళీ ధైర్యం జారిపోతుందని నిలబడే మొదలుపెట్టాను. నేను విన్న, నన్ను పిలిచిండు, నేను పోలే, అన్నాను. నాకు కళ్ళు కనపడడం లేదు, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"ఎరుకే వదినా," అంది ఆమె.

మిషను మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అతని కంప్యూటర్ ఆమె అమ్మలేదట, లోపలి గదిలోనే ఉందట. ఆ రోజు రికార్డింగ్ దాంట్లోనే మిగిలిపోయింది. దినాలు కాకముందే విన్నదట. అతను నన్ను పిలవడం, చెక్క ఇవతల నుంచి నేను పిలువు పిలువు అనడం, అన్నీ అందులో ఉన్నాయి. అంటే పండుగకు ఫోను చేసి, బాగున్నవా వదినా, అని అడిగిన ప్రతిసారీ ఆమెకు అంతా తెలుసు. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. మరి ఒక్కనాడు కూడా అడగలేదేం, అన్నాను.

"నువ్వే చెప్తవని చూసిన. నువ్వు లేచి పోతే బతుకుతుండెనో లేదో, గది నాకెరుకలేదు వదినా. నువ్వు చెప్తే మాత్రం నేను జర నిద్రపోతుంటి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది, నాకు కోపంతో మాట్లాడటం తెలుసు. రెండుసార్లు పిలిచిండు నిన్ను, అంది ఆమె, తనలో తాను అనుకున్నట్టు.

"మూడు," అన్నాను.

"రెండే ఉన్నయి దాంట్ల. మస్తుసార్లు విన్న నేను. నీ మాట అయినంక జరసేపటికే పది నిమిషాలై ఆగిపోయింది."

"ఆగినంక ఇంకోసారి పిలిచిండు. నన్ను గాదు. నిన్ను."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపుకు ఎదురు నిలవడం అంత కష్టమైన పని నేను ఎన్నడూ చెయ్యలేదు. ఏమని పిలిచిండు, అంది. పేరు పెట్టి, అన్నాను. నమ్మలేనట్టు, పేరా, అని మళ్ళీ అడిగింది. పేరే, అన్నాను.

"పెండ్లైన కాన్నుంచి ఒక్కనాడు పిలువలే వదినా. సిగ్గు. ఓయ్ అంటుండె, లేకుంటే ఊకె దగ్గుతుండె." నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. కొంగు తీసేసింది. "ఎట్ల పిలిచిండు? నువ్వు విన్నవ్ కదా. ఒక్కసారి గట్లనే పిలువు."

నా వల్ల కాదన్నాను. ఆమె చూస్తూ కూర్చుంది. ఆరేళ్ళు చూసిన మనిషి, ఇంకాసేపు చూడలేదా.

గొంతు సవరించుకుని, అతను పిలిచినట్టే, చివర కిందికి దిగేటట్టు, ఆమెను పేరు పెట్టి పిలిచాను.

"ఆఁ, వస్తున్న," అని పలికి, ఆమె మిషను ముందు నుంచి లేచి నిలబడింది.